మా హౌజు, అవ్వ బోరు

మా ఆయన దుబాయిల ఒక హోటల్‌ల స్విమ్మింగ్ పూల్ కడిగే పని చేసిండు. పెండ్లయిన కొత్తల పోయినోడు, బిడ్డ హైస్కూలుకు వచ్చేదాకా అక్కడ్నే ఉన్నడు. తిరిగొచ్చినంక, "నాకు మంచిగ తెలిసిన పని ఇదొక్కటే" అని, నిజామాబాద్ నుంచి బోధన్ పోయే తోవల మాకున్న చిన్న జాగల ఒక పూల్ కట్టిండు. ఎండాకాలం సెలవులల్ల పిల్లలకు ఈత నేర్పుడు మా పని. పొద్దుగాల మొగపిల్లలకు ఆయన, సాయంత్రం ఆడపిల్లలకు నేను. నాకు ఈత నేర్పింది కూడా ఆయనే. చుట్టుపక్కల వాళ్లెవరూ దాన్ని పూల్ అనలేదు, హౌజు అన్నరు. మేము కూడా అట్లనే అనుడు అలవాటు చేసుకున్నం.

ఆయనకు మోకాళ్లు సహకరిస్తలేవు కాబట్టి హౌజు కడిగే పని నాకు వచ్చింది. పిల్లలు రాకముందే జాలీతోని ఆకులు తీయాలె, గోడలు బ్రష్షుతోని రుద్దాలె, అడుగున పేరుకున్న దుమ్మును వాక్యూమ్‌తోని గుంజాలె. ఇవన్నీ ఒక పొడుగు గొట్టానికి తగిలించుకొని గట్టు మీద నిలబడి చేసే పనులు. సామానంతా ఫోన్‌ల బొమ్మలు చూసి తెప్పించినం. బొమ్మలల్ల అన్నీ తళతళ మెరిసినయి.

మొదటి ఎండాకాలం సగం కాకముందే ఒక్కొక్కటి చేతులెత్తేసినయి. గొట్టం మధ్యల బిగించే ప్లాస్టిక్ మర అరిగిపోయి, నేను నొక్కితే చాలు అది లోపలికి జారిపోయేది. జాలీ ఒక మూలకు చినిగి, తీసిన ఆకులు మళ్ల నీళ్లల్లనే పడేటివి. వాక్యూమ్ చక్రాలు ఊడినయి. దానికి తగిలించే పైపు ఎండకు పెళుసుబారి పగిలింది. పగిలిన కాడ గాలి గుంజుతది, దుమ్ము గుంజదు. మా ఆయన ఆ ముక్కలు చేతుల పట్టుకొని, "అక్కడ నేను చేరినప్పుడు ఇచ్చిన గొట్టం, నేను వచ్చేనాటికి కూడా పనిచేస్తనే ఉండె" అని తలకాయ కొట్టుకున్నడు.

అడుగున దుమ్ము నిలిస్తే పాకురు పట్టుడు ఎంతసేపు? వారం తిరిగేలోపు నీళ్లు పచ్చబడ్డయి. పిల్లల్ని దింపనీకి వచ్చిన తల్లులు గట్టు మీద నిలబడి ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. ఆ రోజు మా ఆయన, "ఈ నీళ్లు ఇడిసిపెట్టి కొత్తవి నింపుదాం" అన్నడు. మోటరు పెట్టినం. నీళ్లు మా గోడ పక్క మోరీల పడి, అవ్వ ఇంటి ముందుకెళ్లి పారినయి.

అవ్వ అంటే మా గోడ అవతలి ఇంటి ముసలమ్మ. ఆమె, కోడలు అరుగు మీద కూసోని బీడీలు చేస్తరు. ఆ నీళ్లు పారుడు చూసి అవ్వ ఒళ్లోని చాట పక్కకు పెట్టి లేచి వచ్చింది.

"బిడ్డా, గిన్ని నీళ్లు ఎటు వోతున్నయే?"

"ఖరాబైనయి అవ్వా. ఇడిసిపెడుతున్నం."

"బట్టలుతుకుడుకన్న పనికి రావా?"

"మందు కలిపినం అవ్వా. పాకురు పట్టింది."

ఆమె కొంగు భుజం మీదికి ఏసుకొని, మోరీ పక్కన నిలబడి, నీళ్లు ఆగేదాకా చూసింది. తిట్టినా బాగుండునని నాకు అనిపించింది. తిడితే నేను కూడా ఒక మాట అనేదాన్ని, లెక్క అక్కడికి తీరిపోయేది.

అదే ఎండాకాలం ఇంకోసారి కూడా ఇడిసిపెట్టి, మా బోరుతోనే మళ్ల నింపినం. అప్పుడు అవ్వ బయటికి రాలేదు. కొన్నాళ్లకు ఆమె ఇంట్ల బోరు గర్రుమని గాలి కక్కి ఆగిపోయింది. మా బోరు లోతు, అది పోస్తనే ఉంది.

నేను అదే దినం గోడ మీదికెళ్లి ఒక పైపు అవతలికి ఏసిన. అవ్వ బిందె పట్టుకుంటూ, "నీ కడుపు సల్లగుండ బిడ్డా" అన్నది. ఆ మాటకు నేను ఆమె మొకం చూడలేకపోయిన. ఇంట్లకొచ్చి మా ఆయనతోని, "మన వల్లనే ఎండిందేమో ఆ బోరు" అన్న.

"చుట్టూ చెరుకు పోయి వరి వచ్చింది, మడి నిండ నీళ్లు గుంజుతున్నరు. అందరి బోర్లూ గట్లనే ఉన్నయి. మన ఒక్క హౌజు చేసిందా గిదంతా?"

ఆయన అన్నది అబద్ధం కాదు. అయినా పొద్దుగాల గోడ అవతల బిందె చప్పుడు వినపడ్డప్పుడల్లా నాకు ఆ పారిన నీళ్లే కండ్లల్ల మెదిలేటివి.

నీళ్లు మార్చకుండ ఉండాలంటే కడిగే సామాను గట్టిది కావాలె. అందుకని వానలు పడ్డంక, హౌజుకు పిల్లలు రాని రోజులల్ల, నేను దుకాణాల ఎంట పడ్డ. నిజామాబాద్‌ల హార్డ్‌వేర్ దుకాణాలన్నీ తిరిగిన. ఒకాయన చేపల తొట్టిల ముంచే అరచేయంత జాలీ తెచ్చి ముందల పెట్టిండు. ఇంకొకాయన బూజు దులిపే కర్ర చూపించి, "దీనికే బ్రష్షు కట్టుకో అక్కా" అన్నడు. చివరికి హైదరాబాద్ పోయి, పూల్ సామాను అమ్మే పెద్ద దుకాణంల నిలబడ్డ. అమ్మేటాయన వరుసగ పొగుడుతనే ఉన్నడు. నేను మధ్యల ఆపి, "అన్నా, దీంట్ల ముందుగాల ఏది ఇరుగుతదో అది చెప్పు" అని అడిగిన. ఆయన నవ్వి, ఒక వాక్యూమ్ తిప్పి చూపించిండు. "చక్రాలు. కానీ దీనికి విడిగ దొరుకుతయి. మార్చుకోవచ్చు." అది కొన్న. మందంగ ఉన్న పైపు కూడా కొన్న. గొట్టం, జాలీ మాత్రం అక్కడివి కూడా పల్చగనే అనిపించి ఇడిసిపెట్టిన.

బోధన్‌ల వెల్డింగ్ పని చేసే ఒక చాచా ఉండె. మా హౌజు గేటు చేసింది ఆయనే. ఆయన దగ్గరికి పోయి, ఇరిగిన గొట్టం ముక్కలు బల్ల మీద పరిచిన.

"గిదేంది బేటీ, గిది పైపా, కాగితమా?" అన్నడు.

మందం అల్యూమినియం పైపు తెచ్చి, ఒకదాంట్ల ఒకటి దూరేటట్టు రెండు ముక్కలు కోసి, ప్లాస్టిక్ మర బదులు చీల పెట్టిండు. జాలీకి ఇనుప చట్రం చేసిండు. నేను సంబరంగ తెచ్చుకున్న. కొన్నాళ్లకే ఆ ఇనుము తుప్పు పట్టి, గట్టు టైల్స్ మీద ఎర్రటి మరకలు పడ్డయి. మళ్ల తీసుకపోతే చాచా నాలుక కరుచుకున్నడు. "నీళ్లల్ల మందు ఉంటదని నువ్వు చెప్పలె, నేను అడగలె" అని, స్టీలుతోని కొత్త చట్రం చేసి ఇచ్చిండు. దానికి జాలీ బట్ట కోసం ముప్కాల్ దిక్కు డ్యాం కాడికి పోయి, చేపలు పట్టేటోళ్ల దగ్గర సన్న కండ్ల నైలాన్ వల ముక్క అడిగి తెచ్చిన. సంచి లెక్క మడిచి నేనే కుట్టిన.

అన్నిటికంటే అగ్గువ ఉపాయం మా ఆయనకు ఆలస్యంగ యాదికొచ్చింది. "దుబాయిల పని కాంగనే సామానంతా నీడకు పెట్టేటోళ్లం. ఇక్కడ మనం ఎండల పడేసినం" అన్నడు. ఆ మాట ముందే అనకపోయినందుకు ఆయన మీద కోపమొచ్చింది. గోడ వారకు రేకులేసి, పైపు చుట్టలు చుట్టి ఆడ పెట్టుడు మొదలుపెట్టినం.

రెండో ఎండాకాలం ఒక్కసారి కూడా నీళ్లు ఇడిసిపెట్టలేదు. దినాం రుద్దిన, దినాం గుంజిన. అడుగున టైల్స్ గీతలు గట్టు మీది నుంచి తేటగ కనపడ్డయి. నాకు మనసు నిమ్మళం కావాలె. కానీ అవ్వ బోరు ఆ ఏడు ఇంకా ముందే, హోలీ కాంగనే ఎండింది. గోడ మీది పైపు మళ్ల అవతలికి పోయింది.

సోమవారం మా హౌజుకు సెలవు. ఒక సోమవారం పొద్దుగాల కరెంటు లేక పైపుల నీళ్లు రాలేదు. అవ్వ బిందె చంకల పెట్టుకొని గేటు తీసుకొని లోపటికే వచ్చింది. నేను జాలీతోని ఆకులు తీస్తున్న. ఆమె బిందె కింద పెట్టి, నీళ్ల దిక్కు చాలాసేపు చూసింది.

"గింత సాఫుగ ఉన్నయి. దిగనా బిడ్డా?"

చీరతోని దిగొద్దని మేమే గేటు మీద రాసినం. పోగులు పోయి ఫిల్టర్‌ల పడతయి. జారితే ఎట్ల, వయసు మీద పడ్డ మనిషి. ఇవన్నీ నా తలకాయల తిరిగినయి. ఆ తిరిగినంతసేపు అవ్వ నా మొకమే చూసింది. ఆమె నీళ్లు ఎండబెట్టి, ఇప్పుడు నా నీళ్లల్ల ఆమెను దిగనియ్యనీకి ఎనకముందు ఆడుతున్ననని నా మీద నాకే అసహ్యమైంది.

"దిగు అవ్వా. నేను పట్టుకుంట."

"నువ్వేం పట్టుకుంటవు" అన్నది.

చీర కుచ్చిళ్లు గోచి లెక్క ఎనకకు దోపుకొని, నిచ్చెన దిక్కు కూడా చూడకుండ, గట్టు మీద కూసోని జారింది. నేను చేతులు చాపేలోపు నడిమిట్లకు పోయింది. ఎల్లెలకల తిరిగి, కాళ్లు మెల్లగ కొట్టుకుంట, మొకం పైకి పెట్టి తేలింది. నేను నేర్పే ఈతల్ల ఏదీ అట్ల ఉండదు. నెత్తి కొప్పు ఊడి తెల్లటి ఎంట్రుకలు నీళ్లల్ల పరుచుకున్నయి.

"ఏడ నేర్చుకున్నవు అవ్వా?"

"మా బాపు బాయిల. నడుముకు ఎండిన సొరకాయ కట్టి తోసేటోడు. ఆడపిల్లలం అందరం మీదికెళ్లి దుంకుతుంటిమి."

"ఆ బాయి ఇప్పుడున్నదా?"

"ఎండింది. ఎండినంక పూడ్చినం. దాని మీదనే బోరేసినం."

ఆమె అది మామూలుగనే చెప్పింది, మా మీద వేసి చెప్పలేదు. నేను గట్టు మీద కూసున్న, గొట్టం ఒళ్లో పెట్టుకొని. దాన్ని కింద పెట్టి అడిగిన.

"అవ్వా, మీ బోరు మా వల్లనే ఎండిందంటవా?"

ఆమె తేలుకుంటనే, "ఏమో బిడ్డా, భూమి లోపల ఎవరు చూసొచ్చిండ్రు?" అన్నది. మళ్ల ఒకసారి కాళ్లు కొట్టి, "అయినా మొదటి ఏడు మోరీల పోసినయి యాదికొస్తే మాత్రం నాకు కడుపుల కలుక్కుమంటది" అన్నది.

కాదంటదని ఆశపడి అడిగిన. ఆమె నాకు అబద్ధం చెప్పలేదు.

ఆ రాత్రి అన్నం పెట్టుకుంట మా ఆయనతోని గట్టిగనే అన్న, ఇగ ఎండాకాలంల హౌజు నింపేది లేదని. ఆయన కొంచెం గునిసిండు, కానీ ఒప్పుకున్నడు. వానలు మంచిగ పడి బోర్లు నిండినప్పుడే నింపినం. పైన తాటిపత్రి కప్పి, ఆ నీళ్లనే ఎండాకాలం దాకా కాపాడినం. మాక్లూర్ నుంచి మనుషుల్ని పిలిపించి, ఇంటి కప్పు మీద పడ్డ వాన నీళ్లు దిగేటట్టు గోడ పక్కన ఇంకుడు గుంత తవ్వించినం.

మొన్నటి ఎండాకాలం అవ్వ బోరు నడి వైశాఖం దాకా పోసింది. కోడలు గోడ అవతల నిలబడి సంతోషంగ చెప్పింది. మా ఆయన నా దిక్కు తిరిగి, "ఇగనన్న నిమ్మళంగుండు" అన్నడు. నేను ఉండలేకపోయిన. గుంత వల్లనో, ఆ ఏడు వానల వల్లనో నాకు తెల్వదు. మేము చేసిన దానికే నీళ్లు నిలిచినయనుకుంటే, అంతకుముందు ఎండింది కూడా మేము చేసిన దానికే అనుకోవాలె.

సోమవారం సోమవారం అవ్వ వస్తది. గేటు మీద రాసింది తుడిపేసిన. ఆమె తేలుతున్నంతసేపు నేను కడుగుడు ఆపి గట్టు మీద కూసుంట. ఒక్కోసారి ఆమె కండ్లు మూసుకొని, నేను ఉన్నదే మరిచిపోతది.