పొట్టు తిన్న పట్టుపురుగులు

చదువు అయిపోయి ఉద్యోగం ఇంకా దొరకని ఆ రోజుల్లో మనిషికి తాను ఏ పనైనా చేసెయ్యగలనన్న ధీమా ఉంటుంది. ఇంట్లో మిగిలినవాళ్ళెవరికీ ఆ ధీమా ఉండదు. బరంపురంలో జువాలజీ డిగ్రీ పుచ్చుకుని, ఆ ఊళ్ళోనే గోసాని నువాగాం పేటలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, వచ్చే ఆటోలనూ పోయే ఆటోలనూ పర్యవేక్షించడమే వృత్తిగా పెట్టుకున్న నన్ను చూసి నాన్న ఆఫీసుకి బయల్దేరేటప్పుడు రోజూ ఒకటే మాట అనేవారు: "కప్పల్ని కొయ్యడం నేర్పినారు కదరా, ఆ సేత్తోనే రెండు వంకాయలు కూడా కొయ్యి. మీ అమ్మకి సాయమవుద్ది." నేను వంకాయలు కొయ్యలేదు. చేపని పెంచాను.

అది ఆస్కార్ జాతి చేప. ముందుగదిలో గాజు తొట్టెలో ఉండేది. దాని పేరు జమీందారు. (పేరు నేను పెట్టలేదు. వచ్చినవాళ్ళందరి వైపూ పన్ను కట్టని రైతుల్ని చూసినట్టు చూస్తుందని నాన్నే పెట్టారు.) కొట్టులో అమ్మే గుళికల మేత వేస్తే నోట్లో పెట్టుకుని, రుచి చూసి, నా ముఖానికి ఎదురుగా ఉమ్మేసేది. దానికి రొయ్యలు కావాలి. ఆర్యపల్లి నుంచి గంపతో వచ్చే చేపలావిడ దగ్గర అమ్మ కొన్నప్పుడల్లా దాని వాటా దానికి ముట్టేది. అంతా బాగానే ఉండేది, కార్తీకం వచ్చేదాకా. ఒడిశాలో కార్తీకమంటే మాటలు కాదు. ఆ నెలంతా మా ఇంట్లో నీచు వండకూడదు సరికదా, దాని పేరు కూడా ఎత్తకూడదు. అలా శాసించింది మా నాయనమ్మ. అంతకుముందటి ఏడు ఆవిడ జమీందారుకి కూడా అదే నియమం పెట్టి, ఉడికించిన బఠాణీలు వేయించింది. జమీందారు అడుగున ఒక పక్కకి ఒరిగి, కన్ను ఒకటి పైకి పెట్టి, నెలంతా అలాగే పడుకుంది. పౌర్ణమి నాటికి చేప బదులు చేప తాలూకు ఎక్స్‌రే మిగిలింది. మరో కార్తీకం అది బతకదని నాకు ఖాయంగా తెలిసిపోయింది.

అందుకే ఈసారి వానాకాలంలోనే జాగ్రత్త పడ్డాను. పెంపుడు చేపలమ్మే కొట్టతను ఒక చిన్న డబ్బాలో మీల్‌వార్మ్‌లు ఇచ్చాడు. పిండిలో పట్టే పురుగులకి పెద్దన్నల్లాంటివి, పసుప్పచ్చగా, నున్నగా, అగ్గిపుల్లంత పొడవు. వాటిని గోధుమ పొట్టులో వేసి, తడి కోసం కేరెట్ ముక్క పడేస్తే చాలు. అవి తింటాయి, కుబుసం విడుస్తాయి, కొన్నాళ్ళకి కదలకుండా ముడుచుకుని, నల్లటి పెంకుపురుగులై లేచి, గుడ్లు పెడతాయి. మళ్ళీ పురుగులు. రెండు ప్లాస్టిక్ బేసిన్లు సంపాదించి మెట్ల కింద గదిలో సంసారం పెట్టించాను. పురుగులది కింద, పెంకుపురుగులది అటక మీద, పాత చీరముక్క కప్పి. చెవి దగ్గర పెడితే ఎవరో దూరంగా బియ్యం చెరుగుతున్నట్టు సన్నటి గలగల. ఆ చప్పుడు విని, ఒక కర్మాగారం నడుపుతున్నట్టు ఛాతీ పొంగించేవాణ్ణి.

కార్తీకం ఇంకా మొదలవకముందే నాయనమ్మ కొబ్బరిపీచు కోసమని ఆ గదిలోకి వచ్చింది. నేను బేసిన్ ముందు గొంతుక్కూర్చుని, పొట్టు జల్లిస్తూ దొరికిపోయాను.

"ఏటిరా అది?"

"పురుగులు, నాయనమ్మా."

"పురుగులని కనబడతన్నాది. ఏరి పారెయ్యకుండా అలగ సూస్తన్నావేటి?"

"పెంచుతున్నాను."

బరంపురం మనిషి ముందు ఆ మాట అనకూడదు. పట్టుచీరలకి పేరుపడ్డ ఊళ్ళో, బుద్ధున్నవాడు పురుగుల్ని పెంచుతున్నాడంటే దానికి ఒకటే అర్థం. ఆవిడ ముఖం మెల్లగా విచ్చుకుంది. "ఓలమ్మో, పట్టుపురుగులేటి!" అంది. కాదని చెప్పడానికి నేను నోరు తెరిచాను. కానీ డిగ్రీ వచ్చిన నాటి నుంచి నావైపు ఎవరూ చూడని చూపు అది. పైగా కాదంటే మరేమిటని అడుగుతుంది. చేపకి మేతంటే బేసిన్లూ నేనూ కలిసి కాలవలో ఉంటాం. తెరిచిన నోటితో ఆవులించి ఊరుకున్నాను.

మర్నాటికి వీధంతా తెలిసింది. "మా గుంటడు పట్టు పెడతన్నాడు" అని గేటు దగ్గర నిలబడి చెప్పేది, చీపుళ్ళమ్మేవాడికి కూడా. పక్కింటి మావుసికి మాత్రం అనుమానం వచ్చింది. (మావుసి అంటే ఒడియాలో పిన్ని. ఆవిడ ఒడియా మనిషే అయినా మాతో తెలుగే మాట్లాడేది, కోపం వస్తే తప్ప. నాయనమ్మని మాత్రం నానీ అనేది, అంటే అక్క.) "పట్టుపురుగు మల్బరీ ఆకు కదా తింటుంది, నానీ?" అంది. నాయనమ్మ తడుముకోలేదు. "అది సదువులేని పట్టు. ఇది కాలేజీ పట్టు, పొట్టు తింటాది!" నాన్న ఇదంతా విని, నన్ను కింది నుంచి పైకి చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఆ పూట నాకు వంకాయల సలహా కూడా తప్పింది.

కార్తీకం వచ్చింది. తెల్లారగట్ల నాయనమ్మ స్నానానికి వెళ్ళగానే నేను గుప్పెడు పురుగుల్ని తొట్టెలో జారవిడిచేవాణ్ణి. ఆవిడ తడిబట్టలతో వచ్చేసరికి జమీందారు మూతి తుడుచుకున్నంత మర్యాదగా ఉండేది. ఈసారి ఒరిగి పడుకోలేదు సరికదా, ఒళ్ళు నిగనిగలాడింది. నాయనమ్మ ఆనందం పట్టలేకపోయింది. "సూడు, సేపకి బక్తి కుదిరినాది! బటాణీ కూడా ముట్టకుండా నీరు తాగి ఉంటన్నాది, ముకంలో కళ సూడు!" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేది. ఒకావిడ తొట్టెకి దండం పెట్టుకుని వెళ్ళింది కూడా. అక్కడ భక్త చేప, మెట్ల కింద కాలేజీ పట్టు. రెంటి మధ్యా బిక్కుబిక్కుమంటూ నేను. నాయనమ్మ మటుకు పూజ అయ్యాక కేరెట్లు సన్నగా తరిగి, తన చేత్తో పురుగులకి వేసి, "తినండి నాయినా, బేగి గూళ్ళు కట్టండి" అని బతిమాలేది.

కార్తీకంలో ఆఖరి ఐదు రోజుల్ని పంచుకం అంటారు. ఆ రోజుల్లో కొంగ కూడా చేపని ముట్టదని మా వైపు సామెత. ఆ పంచుకంలోనే ఒక పొద్దున్న వీధిలో ఆడవాళ్ళంతా మా పెరట్లో తులసి కోట చుట్టూ మురుజ పెట్టడానికి వచ్చారు. మురుజ అంటే రంగుల పొడి ముగ్గు. తెలుపూ పసుపూ ఆకుపచ్చా ఎరుపూ, తివాచీ పరిచినట్టు పెడతారు. ముగ్గు పూర్తయ్యాక మావుసి నవ్వుతూ, "పట్టు ఎప్పుడు చూపిస్తావు నానీ?" అంది. నాయనమ్మ దగ్గర అప్పటికే జవాబు సిద్ధంగా ఉంది. అటక మీద చీరముక్క కప్పిన బేసిన్ ఆవిడ కంట ఎప్పుడో పడిందట. గూళ్ళు కట్టినవాటిని నేను అక్కడ దాచానని తీర్మానించుకుంది. నేను ముందుగదిలో నుంచి పెరట్లోకి పరుగెత్తుకొచ్చేసరికి బేసిన్ ఆవిడ చేతుల్లో ఉంది. "నాయనమ్మా, అది వద్దు!" అంటూనే ఉన్నాను, చీరముక్క తీసేసింది.

లోపల పట్టు లేదు. వందలకొద్దీ నల్లటి పెంకుపురుగులు, వెలుగు చూసి బెంబేలెత్తి, ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి.

"ఆలో మా! అసరపా!" అని మావుసి కేక పెట్టింది. బొద్దింకలని ఆవిడ భావం. ఆ కేకకి నాయనమ్మ చేతిలోంచి బేసిన్ జారి బోర్లా పడింది, సరిగ్గా మురుజ మధ్యలో. ఆ పురుగులు ఎగరవు, కానీ పరుగు మాత్రం చూడాలి! పసుపులో దూరినవి పసుప్పచ్చగా, ఎరుపులో దూరినవి ఎర్రగా, పద్మం రేకుల మీదుగా నలుదిక్కులకీ దారులు గీసుకుంటూ పోయాయి. ఆడవాళ్ళు అరుగెక్కారు. ఒకావిడ చెప్పు తీసింది.

"ఆగు! తొక్కీకండి ఎవులూ!" నాయనమ్మ గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. "కార్తీకమమ్మా ఇది! జీవాలు! నా సేత్తో కేరెట్టు తిన్నాయి!"

నేనూ ఆవిడా చీపురుకట్టతో, చేటతో వాటిని ఏరి బేసిన్లో వేస్తున్నాం. వీధివాళ్ళు నిష్క్రమించారు. అప్పుడు మెల్లగా అడిగింది. "పట్టు కాదేటి?"

"కాదు."

"మరేటి?"

"జమీందారుకి మేత."

ఆవిడ చేట కింద పెట్టింది. ముందుగది వైపు చూసింది. నిగనిగలకి కారణం అర్థమైంది. లేచి, తొట్టె ముందు పీట వేసుకుని కూర్చుంది. "దొంగబక్తుడా" అంది చేపతో. తర్వాత నాతో, "పున్నమెల్లిందాకా ఒక్క పురుగు సావకూడదు" అంది. జమీందారు ఒరిగి పడుకుంది. నాయనమ్మ పీట దిగలేదు. ఆ మిగిలిన రోజులు ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ పంతం నడిపారు. మధ్యలో నేను, ఇద్దరికీ ముఖం చూపించలేక, పెరట్లో మురుజ మరకలు కడిగాను.

పౌర్ణమి మర్నాడు మా వైపు ఛాడఖాయి. నెలంతా నోరు కట్టుకున్న ఊరు ఊరంతా ఆ రోజు మాంసం కొట్ల ముందు బారులు తీరుతుంది. నాన్న పొద్దున్నే సంచీ పట్టుకుని వెళ్ళారు. వంటింట్లో అమ్మ మసాలా నూరుతోంది. నాయనమ్మ మెట్ల కింద గదికి వెళ్ళి, గరిటెతో పొట్టుతో సహా పురుగుల్ని తీసుకొచ్చింది. తొట్టె దగ్గర చాలాసేపు తటపటాయించింది. వాటిని పెంచినది ఆవిడ. వాటి కోసం పస్తున్నది ఆ చేప. చివరికి ముఖం పక్కకి తిప్పుకుని, "నాను సూడను. తినరా, నీకూ ఛాడఖాయే" అని గరిటె వంచింది. జమీందారు అడుగు నుంచి లేచిన ఊపుకి నీళ్ళన్నీ ఆవిడ ముఖాన పడ్డాయి. కొంగుతో తుడుచుకుంటూ, నెల మొత్తానికి సరిపడా నవ్వింది. "ఆకలి ముందు బక్తేటిరా" అంది. ఆ తర్వాత వీధిలో ఎవరైనా పట్టు సంగతి ఎత్తితే, "పట్టు ఎవులైనా పెడతారు, మా వోడు సేపని బతికించినాడు" అని వాళ్ళ నోరు మూయించేది.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది. మెడలో గుర్తింపు కార్డు కూడా వేలాడుతుంది. నేనేం చేస్తానని ఎవరైనా అడిగితే నాయనమ్మ, "ఏదో కంపూటర్లో నొక్కుతాడు" అని తేల్చేస్తుంది. నాకేమీ బాధ లేదు, నిజం కూడా అంతే. కాకపోతే ఒక్కోసారి ఆఫీసులో కూర్చుని, మెట్ల కింద చీకట్లో బేసిన్ చెవికి ఆనించుకుని, కర్మాగారం గలగల వింటూ మురిసిపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటాను. వాడికి జీతం లేదు, హోదా లేదు, నిజం చెప్పే ధైర్యం అంతకన్నా లేదు. అయినా వాడి పని గురించి ఒకావిడ గేటు దగ్గర నిలబడి ఊరందరికీ చెప్పుకుంది. వెధవ, ఎంత అదృష్టవంతుడో వాడికి తెలీదు.