రోజు ముందు, నెల తర్వాత

నిప్పు, చక్రం, లిపి. మానవజాతి చరిత్రలో వీటి తర్వాత చెప్పుకోవలసిన ఘట్టం ఒకటుంది: తేదీ రాసేటప్పుడు రోజు ముందా, నెల ముందా అన్న వివాదం. తెనాలిలో పుట్టి, ప్రస్తుతం షికాగో శివారు నేపర్‌విల్‌లో నివసిస్తున్న ఆంజనేయప్రసాద్ ఈ రణరంగంలో పదకొండేళ్లుగా రోజు పక్షాన ఒంటరిగా నిలబడ్డాడు. అమెరికా ఇంకా లొంగలేదు.

ఆయన షికాగోలో ఒక ల్యాబ్‌లో మెదడు కణాలు పెంచుతాడు. డిష్‌లలో మిరియపు గింజంత మెదడు ముక్కలు తేలుతుంటాయి. ఏం పని అని అడిగిన వాళ్లకు ఆయన ఇడ్లీపిండి కథ చెప్తాడు.

"ఒకటే పిండి అండీ. మొదటిరోజు ఇడ్లీ, రెండోరోజు దోసె, మూడోరోజు పునుగులు. మెదడులో మూలకణమూ అంతే. ముందు తనలాంటివాటినే పెంచుకుంటుంది. తర్వాత న్యూరాన్లను కంటుంది. ముందు పుట్టినవి అడుగు పొరలో ఉండిపోతాయి. వెనక పుట్టినవి వాటిని దాటుకుని పైకెక్కుతాయి. ఏది ఏ రకం అన్నది చాలావరకు పుట్టినరోజును బట్టే!"

అందుకే ఆ ల్యాబ్‌లో తేదీ దైవసమానం. ప్రతి డిష్ మూత మీదా మొదలుపెట్టిన తేదీ ఉంటుంది. అరవై రోజులు దాటినవాటిని శుక్రవారం నాలుగింటికి ఎర్ర సంచిలో వేసి పారేస్తారు.

అక్టోబరు తొమ్మిది, శుక్రవారం. పొద్దున ఆరింటికే వచ్చిన ప్రసాద్ మూడు గంటల రైలెక్కాడు. నేపర్‌విల్ దగ్గరపడుతుండగా భార్య రేణు ఫోన్ చేసింది.

"ఏవండీ, నైనిక ఫీల్డ్ ట్రిప్ ఫారమ్ స్కూల్‌వాళ్లు తిప్పి పంపించారు. పదమూడో నెల ఎప్పుడొస్తుందో కనుక్కుని చెప్పమన్నారు."

"పదమూడో నెలేంటి?"

"మళ్లీ తిరగేసి రాశారు కదా పుట్టినరోజు! ఇలాగే మీ ల్యాబ్‌లో కూడా రాస్తారా ఏంటి?"

ప్రసాద్ నవ్వబోయాడు. అంతలో డిష్‌ల మూతలు గుర్తొచ్చాయి.

సెప్టెంబరు మొదట్లో మొదలుపెట్టిన ఎనిమిది డిష్‌లు. వాటి మూతల మీద రోజు ముందు రాశాడు. చెయ్యి కదిలిన తీరు కూడా గుర్తుంది. ఏ రోజో మాత్రం గుర్తు రావడం లేదు. రోజూ చూస్తున్న మూతే, కానీ సొంత చేతిరాతను ఎవరు చదువుతారు? నాలుగో తేదీ అయితే అమెరికా లెక్కలో అది ఏప్రిల్ అవుతుంది. అయిదైతే మే. ఏదైనా సరే, ఎర్ర సంచే.

ఆ ఎనిమిదింటి ఫలితం ఉంటేనే గ్రాంట్. గ్రాంట్ ఉంటేనే హెచ్-వన్ వీసా ఎక్స్‌టెన్షన్.

డిష్‌లు ఏరే డ్యూటీ కౌశిక్‌ది. ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాడు, రూల్ అంటే ప్రాణం పెడతాడు. ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది. గ్లవ్స్ వేసుకున్నాక ఫోన్ ముట్టుకోకూడదన్న రూల్ అతనికి నేర్పింది ప్రసాదే. ఏడుసార్లు చేశాడు. నేపర్‌విల్‌లో దిగి ఎదురు ప్లాట్‌ఫారమ్ మీదకు పరుగెత్తాడు. తిరుగు రైలు ప్రతి స్టేషన్‌లోనూ ఆగింది. నాలుగు దాటింది. ఇల్లు ఖాళీ చేయడం, నైనిక స్కూల్ మధ్యలో ఆపించడం, రేణుకు ఏమని చెప్పాలో వాక్యాలు కూర్చుకోవడం, అన్నీ ఆ రైల్లోనే అయిపోయాయి.

ల్యాబ్‌కి చేరేసరికి అయిదున్నర. కౌశిక్ చేతులు కడుక్కుంటున్నాడు. ఎర్ర సంచి అప్పటికే లేదు.

"హే అంకుల్! లంచ్ బాక్స్ మర్చిపోయావా?"

"సంచి... సంచి ఏదిరా?"

"తీసుకెళ్లారు. టుడే చాలా ఉండింది. ఆర్ యూ ఓకే? ఫేస్ అంతా వైట్ అయిపోయింది."

ప్రసాద్ డిష్‌లుండే ఇంక్యుబేటర్ దగ్గరికి వెళ్లాడు. తలుపు పిడి పట్టుకున్నాడు. తెరిచాడు.

రెండో అరలో ఎనిమిది డిష్‌లూ ఉన్నాయి. మూతల మీద 9/9.

వాటిని మొదలుపెట్టింది సెప్టెంబరు తొమ్మిదిన.