ఎదురింటి అక్క ఆర్కిడ్

ఆ ఆర్కిడ్ మొక్క మా ఎదురింటి అక్కది. మహబూబ్‌నగర్‌లో వాళ్ళమ్మ కాలు విరిగితే చూసుకోవడానికి వెళ్తూ, అశోక్ నగర్ మొత్తంలో నన్నే నమ్మి అప్పజెప్పింది. కుండీలో మట్టి ఉండదు, బొగ్గుముక్కలూ కొబ్బరిపీచూ అంతే. ఎండ తగలకూడదు, వెలుతురు మాత్రం కావాలి. ఆకుల మధ్య నీళ్ళు నిలవకూడదు, చుట్టూ తేమ మాత్రం ఉండాలి. మా అత్తగారు కూడా నాకు ఇన్ని షరతులు పెట్టలేదు.

"మొగ్గలొస్తే కుండీ జరపకు చెల్లె, రాలిపోతయి," అని మరీ మరీ చెప్పింది. పిల్లమొక్కగా కొన్నప్పటి నుంచి అది పూయనే లేదు. ఏ రంగు పూస్తుందో కూడా ఆమెకు తెలియదు.

మొగ్గలొచ్చాయని ఫోన్ చేస్తే అక్క గొంతు మారిపోయింది. "ఫొటో పంపకు. నేనే వచ్చి కండ్లార చూస్త. చాన రోజులుంటయట ఆ పూలు."

పూలు విచ్చుకున్న వారమే మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. ముందురోజు చిక్కడపల్లి మార్కెట్‌కు వెళ్తే చేమంతులన్నీ వానకు తడిసి కుళ్ళి ఉన్నాయి. చిరాకు నెత్తికెక్కి ఉత్తచేతులతో తిరిగొచ్చాను. పొద్దున్నే తలస్నానం చేసి బాల్కనీలోకి వెళ్తే ఆ పూలకొమ్మ కనిపించింది. పువ్వు కనిపిస్తే దేవుడికి కోసేయడం నాకు చిన్నప్పటి అలవాటు. అబద్ధమెందుకు, అక్క గుర్తొచ్చింది. అమ్మవారికే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, కత్తెర తెచ్చి కొమ్మంతా కోసేశాను.

తాంబూలానికి వచ్చినవాళ్ళు "ఎక్కడివి, ఇంత మంచిగున్నయి?" అని అడిగారు.

"మా ఇంట్ల పూసినవే," అన్నాను. ఛీ.

తర్వాతి వారం అక్క కాచిగూడలో రైలు దిగి, తన ఇంటి తాళం కూడా తీయకుండా, సంచీతో నేరుగా మా ఇంటికే వచ్చింది. "ఏది, చూపియ్."

"వ్రతానికి అమ్మవారికి పెట్టిన, అక్కా."

ఆమె కుండీలో మిగిలిన మొండి కాడను చూసింది. తర్వాత చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. అమ్మవారి పేరు చెప్పాక నన్ను ఏమనగలదు? అది తెలిసే చెప్పాను. "మంచిదే," అంది. కళ్ళు తెరిచి, "ఏ రంగుండె చెల్లె?" అని అడిగింది.

తిట్టినా బాగుండేది. సిగ్గుతో తలెత్తలేక, గబగబా ఫోన్ తీసి వ్రతం ఫొటోలు చూపించాను. అన్నింట్లో నేనే ఉన్నాను, నా పట్టుచీర ఉంది. పూలు అమ్మవారి ముందు, కుంకుమార్చనలో మునిగిపోయి ఉన్నాయి. అక్క కళ్ళద్దాలు సర్దుకుని, ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి, ఆ కుంకుమ కింద వెతుకుతూ ఉండిపోయింది.