చల్లబడకూడని చోటు

స్కానింగు విభాగంలో అందరూ ఆమెను అనుమానాలమ్మ అనేవారు. ఇరవై రెండేళ్లుగా అదే గదిలో టెక్నీషియను. తాళం వేశాక మూడుసార్లు లాగి చూడనిదే గడప ముందు నుంచి కదిలేది కాదు. "మా ఆవిడ పాలలో నీళ్లున్నాయా అని చూడదు, నీళ్లలో ఎవరైనా పాలు కలిపారేమోనని చూస్తుంది" అని భర్త వేళాకోళమాడేవాడు.

అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తల్లికి జ్వరం తగిలింది. నుదురు పెనంలా కాలిపోతున్నా థర్మామీటరు మాత్రం అంతా మామూలే అంది. కూతురు తన చేతిని కాదని అంకెను నమ్మింది. బ్యాటరీ అయిపోవచ్చిందని రెండు రోజులకు గాని తెలియలేదు. అప్పటికే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. తల్లి మంచం దిగడానికి మూడు నెలలు పట్టింది. ఇక ఏ అంకెనూ ఊరికే నమ్మనని ఆ మంచం పక్కనే ఒట్టు పెట్టుకుంది.

ఆ రోజు వచ్చిన రోగి తాళాలు బాగుచేసే మనిషి. మెదడులో లోతుగా కణితి. పుర్రెకు చిన్న రంధ్రం చేసి, సన్నటి లేజరు తీగ దించి, కణితిని లోపలే మాడ్చెయ్యాలి. సెగ ఎంతవరకు పాకిందో స్కానింగు బొమ్మ ఎప్పటికప్పుడు రంగుల్లో చూపిస్తుంది. మత్తు ఇవ్వకముందు అతను ఆమెను పిలిచాడు.

"తలలో సెగ పెడతారట కదమ్మా. ఎంత కాలిందో చెయ్యి పెట్టి చూడలేరు. మరి ఆ బొమ్మ అబద్ధం చెబితే?"

"నేను చూస్తుంటాగా బాబాయ్."

అనడానికైతే అంది గాని, ఆ ప్రశ్న ఆమెనూ ముల్లులా గుచ్చుతూనే ఉంది.

పని మొదలైంది. అద్దానికి ఇవతల తెర ముందు పెద్ద డాక్టరు, ఆమె. నీలం మధ్య పసుపు, పసుపు మధ్య ఎరుపు. కణితిని ఆనుకునే కుడి చేతిని ఆడించే నరాలున్నాయి. అక్కడ వేడి నలభై మూడు దాటకూడదు. తెర మీద నలభై ఒకటి.

"నల్లేరు మీద బండిలా సాగుతోంది" అన్నాడు డాక్టరు.

అంత సాఫీగా సాగడమే ఆమెకు నచ్చలేదు. ఆమె చూపు కణితిని వదిలి తలకు అవతలి వైపు, సెగ తగలని చోటుకు పోయింది. మొదట్లో అక్కడ ముప్పై ఏడు ఉంది. ఇప్పుడు ముప్పై నాలుగు. బతికున్న మనిషి తల ఒక పక్క ఊరికే ఎందుకు చల్లబడుతుంది?

"లేజరు ఆపండి డాక్టరు గారూ."

"ఎందుకు? హద్దుకింకా రెండు డిగ్రీలుంది."

"లేదు సార్. అటుపక్క మూడు తక్కువ చూపిస్తోంది. ఇటుపక్క కూడా అంతే తగ్గించి చెబుతుంటే, నిజంగా ఉన్నది నలభై నాలుగు."

"ఇప్పుడు కూడా మొదలెట్టావా, అనుమానాలమ్మా?"

"ముందు ఆపండి, తర్వాత తిట్టండి."

డాక్టరు పెడల్ మీది నుంచి కాలు తీశాడు. ఆమె అనుమానం నిజమే. ఆ బొమ్మ వేడిని నేరుగా కొలవదు. మొదటి బొమ్మకూ ఇప్పటి బొమ్మకూ ఉన్న తేడాను బట్టి లెక్క కడుతుంది. పొద్దుటి నుంచి ఆడీ ఆడీ యంత్రంలోని అయస్కాంతం కాస్త వేడెక్కింది, లెక్క మొత్తం జారిపోయింది. మెదడు చల్లారేదాకా ఆగి, కొత్తగా మొదటి బొమ్మ తీసి, మిగిలిన పని ముగించారు.

మర్నాడు తాళాలాయన కుడి చేత్తో చెంచా పట్టుకోలేకపోయాడు. ఆలస్యంగా చెప్పానా? ఏం నొక్కానో, ఎప్పుడు చూశానో అని ఆమెకు తన మీద తనకే అనుమానం. ఆ మూడు రోజులూ ఆమెకు అన్నం సయించలేదు. నాలుగో రోజు, చేతిని పట్టేసిన మెదడు వాపు తీసింది. ఆమె వార్డుకు వెళ్లేసరికి అతను చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడు. రెండోది తప్పు కాజాలో పెట్టుకుని, మళ్లీ విప్పి, సరిచేసుకున్నాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఇకమీదట సెగ తగలని ఒక చోటును ప్రతి కేసులోనూ కనిపెట్టి చూడాలని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. ఆమె చదివి వెనక్కి ఇచ్చేసింది.

"ఒకటి చాలదు సార్. మూడని రాయండి."