లారీ దిగే సీను

మొన్న మా చెల్లెలి కూతురు గోళ్లరంగు తుడుచుకోవడానికి సీసా మూత తీసింది. ఆ ఘాటు వాసన తగలగానే నాకు బత్తలపల్లె రేకుల టాకీసు గుర్తొచ్చింది. తెగిన ఫిలిం అతికించే మందుకు అచ్చం అదే వాసన. అక్కడ ఆపరేటరు ఓబులప్పన్న. నేను ఆడవాళ్ల గేటు దగ్గర టికెట్లు చించేదాన్ని. పది తప్పి ఇంట్లో కూర్చున్న ఇరవై ఏళ్లదాన్ని, అన్నీ నాకే తెలుసనుకునే రకం. ఎదుటి మనిషి మాట ఎలా వినాలో నాకు నేర్పింది ఆయనే. విన్నాక ఏం చేయాలో మాత్రం ఆయనకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

ఓబులప్పన్నకు ఒక పద్ధతి ఉండేది. మ్యాట్నీ వదలగానే ఆయన మగవాళ్ల గేటు దగ్గర, నేను ఆడవాళ్ల గేటు దగ్గర నిలబడి బొమ్మ ఎలా ఉందో అడగాలి. జనం విసుక్కున్న ముక్కను ఆయన కత్తిరించి డబ్బాలో దాచేవాడు. ప్రింటు వాపసు పంపే రోజు మళ్లీ అతికించేవాడు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. "రేపటికి ఆ పాట తీసేయప్పా" అని ముఖం మీదే చెప్పి పోయేవాళ్లు. మొదటి రోజు నేను "బాగుందా అక్కా?" అని అడుగుతుంటే ఆయన పక్కకు పిలిచాడు.

"బాగుండాదా అంటే బాగుండాదనే అంటారు పాపా. యాడ లేచి పోదామనిపించిందో అడుగు. అడిగి నోరు మూసుకో. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటా ఒక మాటంటారు చూడు, అదీ వాళ్ల మాట."

ఎనభైల మొదట్లో, వానలు ఎగ్గొట్టిన మూడో ఏడు, మా టాకీసుకు ఒక లారీ ప్రేమకథ వచ్చింది. ఇల్లు వదిలి వచ్చిన అమ్మాయి ఒక డ్రైవరు లారీ ఎక్కుతుంది. సినిమా అంతా రోడ్డే, వానే. ఇద్దరూ పది మాటలు కూడా మాట్లాడుకోరు. చివర చెక్‌పోస్టు దగ్గర ఆమె దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది. ఊరు మండిపడింది. "ఏమప్పా, ఒక్క ఫైటింగూ లేదు!" అని ఒకాయన. "దిగిపోయేదానికి ఆయమ్మ ఎక్కడం ఎందుకు?" అని ఒక ముసలామె. కూలికి పోయే ఆడవాళ్లు మాత్రం వాన సీన్ల కోసమే రెండోసారి వచ్చారు. "కండ్లన్నా తడిసినాయి పాపా" అంటూ ఒకామె, పగిలిన నేల తప్ప మరేమీ కనపడని ఆ ఎండలోకి నడిచిపోయింది.

గంగక్క రోజూ మ్యాట్నీకి వచ్చేది. చివరి పది నిమిషాలు మిగిలి ఉండగానే లేచి వెళ్లిపోయేది. ఆమె మొగుడు ధర్మవరం పట్టుచీరలు నేసేవాడు. కరువుకు మగ్గం ఆగిపోతే, పని వెతుక్కుంటానని లారీ ఎక్కి బెంగళూరు పోయాడు. ఏడాదైనా కబురు లేదు. కుందుర్పి నుంచి వాళ్లన్న వచ్చి, తన బావిలో ఇంకా నీళ్లున్నాయనీ తనతో వచ్చేయమనీ అడిగాడు. వారం గడువు పెట్టి వెళ్లాడు. పోవాలా, మొగుడి కోసం ఆగాలా అన్నది తేల్చుకోలేక ఆ మనిషి సగమైపోయింది. ఎందుకు మధ్యలో లేచిపోతావని ఓబులప్పన్న ఆమెను అడిగాడు.

"ఆయమ్మ దిగేది నేను చూడలేనన్నా. నేను లేచి పోతే ఇద్దురూ ఇంకా పోతానే ఉంటారు కదా" అంది.

ఆ మర్నాడే ఒక లారీ డ్రైవరు ఓబులప్పన్నకు సంగతి చెప్పాడు. గంగక్క మొగుడు బెంగళూరులో వేరే సంసారం పెట్టాడట, చంకలో బిడ్డ కూడా ఉందట. ఓబులప్పన్న ప్రొజెక్టరు గదిలో కూలబడి నాకు చెప్పాడు.

"ఆయమ్మకు చెప్పల్ల కదన్నా?" అన్నాను.

"ఏ నోటితో చెప్పేది పాపా?" అన్నాడు. కాసేపటికి కత్తెర తీసుకుని చెక్‌పోస్టు సీను కోసేశాడు. ఇద్దరూ లారీలో పోతున్న బొమ్మకు నేరుగా "శుభం" అతికించాడు. ఆ పూట గంగక్కను బతిమాలి చివరిదాకా కూర్చోబెట్టాడు.

రెండు రోజులకు వాళ్లన్న వచ్చాడు. గంగక్క రానంది. ఆయన కోపంతో, ఇక నీకూ నాకూ చెల్లు అని వెళ్లిపోయాడు. కారణం ఓబులప్పన్నకు నెల తర్వాత తెలిసింది. గంగక్క ఇంట్లో పొయ్యి వెలగడం లేదని విని ఆయన గుండె రాయి చేసుకుని ఆమె ఇంటికి పోయి నిజం చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ఆమె ఏడవలేదు.

"లారీలోళ్లంతా నీకు తెలుసు. ఏదో మంచి కబురు తెలిసే ఆ సీను తీసేసినావనుకుంటినన్నా. ఆపొద్దే ఈ మాట చెప్పింటే మా అన్నతో పోతాంటి కదా" అంది.

వారం తిరక్కుండా ఆమె కూలీల గుంపుతో బళ్లారి దిక్కు పోయింది. ఓబులప్పన్న రెండుసార్లు వెతుక్కుంటూ వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆ తర్వాత గేటు దగ్గర నిలబడడం మానేశాడు. సినిమా ఎలా ఉందని ఎవరినీ అడగలేదు, ఒక్క ముక్కా కోయలేదు. ఆమె బతుకు నా చేతులతోనే తెంచేశానని పోయేదాకా అనేవాడు. నేను తలవంచుకుని వినేదాన్ని.

ఆయనకు నేను చెప్పని సంగతి ఒకటి ఉంది. సీను కోసిన ఆ పూట ఆట వదిలాక గంగక్క నా గేటు నుంచే బయటికొచ్చింది. ముఖంలో ఏడాదిగా చూడని కళ. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ, "మా ఆయప్ప వస్తాండాడని తెలిసే కదా పాపా, ఓబులన్న అది తీసేసినాడు?" అని అడిగింది. నాకంతా తెలుసు.

"అంతేనేమో అక్కా" అన్నాను.