దొంగని ‘ఆగండి’ అన్న మనిషి

అక్టోబరు, మూడో ఆదివారం. తెల్లవారుజామున నాలుగు చినుకులు పడి ఆగాయి, తర్వాత అంతా గాలే. ఉదయం ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్‌కి ఫిల్టర్ మార్చాను.

మా పక్కింటి బాబాయ్‌గారు ఆగస్టులో పోయారు. ఆ సంగతి ఫార్మింగ్టన్ హిల్స్‌లో మనవాళ్ళందరికీ ఆ రోజే తెలిసింది. దండ వేసిన ఫొటో ఫోన్ గ్రూపులన్నిట్లో తిరిగింది. దాని కింద ఎవరో ‘సేవాతత్పరులు’ అని రాశారు. ఆయన ఏ సేవ చేశారో నాకు తెలియదు. గుమ్మంలోకి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి కాఫీ ఇవ్వడం మాత్రం చూశాను. మన సంఘం పత్రికవారు నన్ను నాలుగు మాటలు రాయమన్నారు. రోజూ జమాఖర్చుల కింద రెండు పంక్తులు రాసుకోవడం తప్ప నాకు వ్యాసాలు రావు. అలాగే రాస్తున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. పెద్దవాళ్ళని బాబాయ్‌గారూ అనడం మా వైపు అలవాటు, ఆ లెక్కన ఆయన భార్య నాకు పిన్నిగారు అయ్యారు. ఆయన కార్ల కంపెనీలో రేకు భాగాలు ఒత్తే అచ్చులు, డైలు, డిజైన్ చేసి రిటైరైన ఇంజినీరు. నేను పదో తరగతితో ఆపేసి, మా అక్క స్పాన్సర్ చేస్తే వచ్చి, గోదాములో పెట్టెలు మోసినవాణ్ణి. మా ఆవిడ నర్సు ఉద్యోగం పుణ్యమా అని ఈ ఇల్లు కొనుక్కున్నాం. వచ్చిన కొత్తల్లో ఆయన నన్ను కంచె దగ్గర ఆపి అడిగారు.

“బ్లూప్రింట్ చదవడం వచ్చటయ్యా?”

“రాదండీ.”

“హమ్మయ్య. రానివాడికి నేర్పొచ్చు. వచ్చినవాడితో వాదించాలి.”

ఆ చలికాలమంతా శనివారాలు వాళ్ళ డైనింగ్ టేబుల్ దగ్గర నేర్పారు. ఆవకాయ సీసా మూత ముందు పెట్టి, పైనుంచి ఎలా ఉంటుందో గీయి, పక్కనుంచి ఎలా ఉంటుందో గీయి, ఇప్పుడు మధ్యకి కోస్తే ఎలా ఉంటుందో గీయి అనేవారు. ఇవాళ నేను మెషీన్ షాపులో చేస్తున్న ఉద్యోగం ఆ మూత పెట్టిన భిక్ష. ఇప్పటికీ కొత్త డ్రాయింగ్ చేతిలోకి వస్తే నాకు ముందు ఆవపిండి వాసన తగులుతుంది.

ఆ రోజుల్లో వాళ్ళ వీధి తలుపు వేసవిలో మూసి ఉండేది కాదు, జాలీ తలుపు ఒక్కటే. చీమల మందు అమ్మేవాళ్ళు, వాళ్ళ దేవుడి గురించి చెప్పడానికి వచ్చేవాళ్ళు, ఎవరైనా సరే లోపలికి వెళ్ళి సోఫాలో కూర్చునేవారు. “ఎందుకండీ ఊరుపేరు తెలియనివాళ్ళని” అని పిన్నిగారు విసుక్కుంటే, “పాపం ఎండలో నడిచొచ్చాడే” అనేవారు.

రెండేళ్ళ కిందట వాళ్ళిద్దరూ ట్రాయ్‌లో ఒక పెళ్ళికి వెళ్ళి వచ్చేసరికి ఇల్లు దోచేశారు. మనవాళ్ళ ఇళ్ళలో బంగారం ఉంటుందని, ముహూర్తాల రోజుల్లో ఇళ్ళు ఖాళీగా ఉంటాయని తెలిసిన దొంగలు. పిన్నిగారి అమ్మగారిచ్చిన కాసులపేరు పోయింది. ఆవిడ దాని గురించి ఏడవలేదు. “నా చీరలన్నీ మడతలు విప్పి చూశారయ్యా” అని ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అనేవారు. ఆ తర్వాత ఆవిడకి నిద్ర పోయింది. చిన్న చప్పుడైతే లేచి కూర్చునేవారు. పోలీసు వచ్చి ఒక కేసు నంబరు రాసిచ్చి వెళ్ళాడు. పరామర్శకి వచ్చిన మనవాళ్ళు దొంగల కంటే ఎక్కువసేపు ఉన్నారు. “మా ఇంట్లో అయితేనా అంకుల్, వాడు శవమై వెళ్ళేవాడు” అన్నాడు ఒకతను, పకోడీలు తింటూ.

కూతురు న్యూజెర్సీ నుంచి, ప్లెయిన్స్‌బరో నుంచి రోజూ ఫోను: ఇల్లు అమ్మేసి వచ్చేయండి అని. ఆయనకి ఇష్టం లేదు. పెరట్లో చేత్తో కట్టుకున్న చెక్క డెక్, ఆవిడ పెంచిన కరివేపాకు తొట్లు అన్నీ ఇక్కడే. ఒకరోజు మా గరాజ్‌లోకి వచ్చి నిలబడ్డారు.

“మీ పిన్ని నిద్రపోతే మేమిక్కడ ఉంటాం. నిద్రపోకపోతే అల్లుడి బేస్‌మెంట్. అంతేనయ్యా సంగతి. వారాంతం తుపాకీ క్లాసు ఒకటుందట, పేరిచ్చాను. నీ పేరు కూడా ఇచ్చాను.”

“నాదెందుకండీ?”

“నువ్వైతే నోరు మెదపవు. ఊళ్ళో ఎవరికీ చెప్పవు.”

హైవే పక్కన తుపాకుల కొట్టు, దాని వెనక హాలు. ఆత్మరక్షణ క్లాసు, శని ఆదివారాలు. పాఠం చెప్పింది పోలీసు ఉద్యోగం నుంచి రిటైరైన ఆవిడ, నెరిసిన జుట్టు జడ వేసుకుని ఉంది. మా బల్ల దగ్గర ఇరాక్ నుంచి వచ్చి కిరాణా కొట్టు నడుపుకునే ఒకతను ఉన్నాడు. బాబాయ్‌గారు స్టీలు డబ్బాలో పులిహోర తెచ్చారు. మధ్యాహ్నం టీచరమ్మ దగ్గర్నుంచి అందరికీ పెట్టారు. “తినండి, కారం ఉండదు” అని అబద్ధం చెప్పి పెట్టారు. ఇరాక్ అతను కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ రెండోసారి వేయించుకున్నాడు.

శనివారమంతా నియమాలు. తుపాకీ ఎప్పుడూ నిండి ఉందనే అనుకోవాలి. కాల్చాలని తేల్చుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళకూడదు. ఆదివారం ఉదయం కాల్చడం. ఆయన జీవితమంతా వెంట్రుకవాసి తేడాలు కొలిచిన మనిషి. కాగితం మనిషి గుండె మీద ఆయన పెట్టిన చిల్లులన్నీ ఒక్క అరచేతిలో పట్టేస్తాయి. టీచరమ్మ అందరినీ పిలిచి చూపించింది. ఆయన ఆ కాగితం వైపు చూసి నాతో మెల్లగా, “వీడికి మొహం లేదు కాబట్టి సరిపోయింది” అన్నారు.

ఆ మధ్యాహ్నం చేతికి నీలం రంగు ప్లాస్టిక్ తుపాకీ ఇచ్చారు. హాలు మూలలో ఒట్టి తలుపు చట్రం నిలబెట్టి, అదే మీ ఇల్లు అన్నారు. బయట దొంగ పాత్రకి టీచరమ్మ సహాయకుడు. కాల్చే దాకా రాకుండా ముందు గట్టిగా అరిచి ఆపాలి, భయంలో ఏ భాష వస్తే ఆ భాషలోనే అరవండి అంది టీచరమ్మ. సహాయకుడు తలుపు కొట్టి, నా కారు చెడిపోయింది, ఒక్కసారి ఫోను ఇస్తారా అన్నాడు. బాబాయ్‌గారు వెంటనే తలుపు తీసేశారు. వాడు కత్తి పట్టుకుని లోపలికి అడుగేశాడు. ఈయన తుపాకీ సరిగ్గానే ఎత్తి, హాలు దద్దరిల్లేలా అరిచారు.

“ఆగండి!”

నాకు నవ్వు ఆగలేదు.

“ఏంటయ్యా?”

“దొంగని ‘మీరు’ అంటున్నారు బాబాయ్‌గారూ.”

“మరి? ముక్కూమొహం తెలియనివాణ్ణి నువ్వంటామా?”

ఏమన్నాడు అని టీచరమ్మ నన్ను అడిగింది. మర్యాదగా ఆగమన్నారు అని చెప్పాను. మీ భాషలో మర్యాదగా కూడా అరవచ్చా అని ఆవిడ ఆశ్చర్యపోతే, హాలంతా ఒకటే నవ్వు. మర్యాద తీసేసి మళ్ళీ అరవమంది. ఆయన గొంతు సవరించుకున్నారు. “ఆగు” అన్నారు. చాల్లేదంది. మళ్ళీ ఊపిరి పీల్చుకుని, “ఆగు నాయనా” అన్నారు. అది ఇంకా మెత్తగా వచ్చింది. నేను దాన్ని అనువదించలేదు.

ఆవిడ మంచి మనిషే. క్లాసు అయ్యాక ఆయన్ని పక్కకి పిలిచి, మీకు గురి ఉంది కానీ మీరు తలుపు తీస్తారు, అందుకని తుపాకీ కొనొద్దు, తలుపు కొనండి అంది. మీరు చెప్పలేని ‘వద్దు’ మీ తలుపు చెప్పాలి అంది. తిరిగి వస్తూ కారులో ఆయన, “చేతికి వచ్చిందయ్యా, నోటికి రాలేదు” అన్నారు.

ఆ తర్వాత పని ఆయన పద్ధతిలో చేశారు. డ్రాయింగ్ గీశారు. స్టీలు చట్రం, గోడలోపలి కర్రల దాకా వెళ్ళే పొడుగు స్క్రూలు, పిడి కింద ఆన్చే ఇనపకడ్డీ, కిటికీ అద్దాలు పగిలినా ఊడి పడకుండా మందమైన ఫిల్మ్. గుమ్మం దగ్గర కెమెరా, లోపల్నుంచి మాట్లాడే డబ్బా. అంతా అయ్యాక నన్ను పిలిచి, “తన్నవయ్యా” అన్నారు. తన్నాను. కాలు నొప్పి పుట్టింది కానీ తలుపు కదల్లేదు. పిన్నిగారు లోపల నుంచి చూసి నవ్వారు. ఆ వారం ఆవిడ నిద్రపోయారు. ఇల్లు అమ్మే మాట ఆగింది. ఆయన గెలిచారు.

గెలిచిన మనిషి ఎలా ఉంటాడో నేను రెండేళ్ళు చూశాను. బ్లైండ్లు ఎప్పుడూ దించే ఉండేవి. చీమల మందువాళ్ళు మెట్లెక్కితే గోడకున్న డబ్బాలోంచి గొంతు వచ్చేది: “ఎవరండీ?” మర్యాద మాత్రం పోలేదు. వాళ్ళు డబ్బాతో మాట్లాడి వెళ్ళిపోయేవారు. నేనూ ముందు ఫోన్ చేసి వెళ్ళేవాణ్ణి. లోపల కడ్డీ తీసే చప్పుడు, గొళ్ళాల చప్పుడు, తర్వాత ఆయన మొహం. “రావయ్యా, ఆలస్యమైంది, ఏమనుకోకు” అనేవారు ప్రతిసారీ. కాఫీ అదే. తాగడానికి ఇద్దరమే ఉండేవాళ్ళం. భయం పోయిందని అందరూ అనుకున్నారు. పిన్నిగారిది పోయింది. అది ఎక్కడికి పోయిందో ఎవరూ అడగలేదు.

ఆగస్టులో ఒక ఉదయం పిన్నిగారు గుడిలో వంటకి వెళ్ళారు. నేను పనిలో ఉన్నాను. ఆయనకి గుండెలో నొప్పి వచ్చింది, అంబులెన్సుకి తనే ఫోన్ చేశారు. వాళ్ళు తొందరగానే వచ్చారు. తలుపు తీయడానికి ఆయన లేవలేకపోయారు. వాళ్ళు తన్నారు, గునపం పెట్టారు, కదల్లేదు, వెనక తలుపూ అంతే. కిటికీ కొడితే అద్దం చిట్లి అలాగే నిలబడింది. పిన్నిగారు వచ్చేసరికి అంబులెన్సు వెంట వచ్చిన ఫైర్‌వాళ్ళు ఇంకా గుమ్మం బయటే ఉన్నారు. ఆ ఆలస్యం లేకపోతే బతికేవారా అంటే ఆస్పత్రిలో చెప్పలేమన్నారు. చెప్పలేమనే మాట వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళక్కర్లేదు.

ఆ సాయంత్రం విరిగిన గుమ్మానికి నేను ప్లైవుడ్ బిగిస్తుంటే పిన్నిగారు మెట్టు మీద కూర్చుని చెప్పారు.

“ఈ తలుపు ఎవరు బిగించారోగానీ బాగా బిగించారమ్మా అన్నాడయ్యా, ఆ ఫైరతను. మెచ్చుకుని వెళ్ళాడు.”

కర్మలయ్యాక కూతురు నా దగ్గరికి వచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల. “అంకుల్, నాన్న ఆ డోర్‌కి ఎందుకలా చేశాడు? హూ వజ్ హి సో స్కేర్డ్ ఆఫ్?” అంది. ఎవరూ లేరమ్మా అనాలి. ఆయన ఎవరికీ భయపడలేదు, ఎవరినీ పొమ్మనలేకపోయారు, అంతే. ఆ పిల్లకి తెలుగులో అది అందదు, ఇంగ్లీషులో చెప్పడం నాకు రాదు. పకోడీలు తిన్నతను ఆ రోజూ వచ్చాడు. “గన్ కొనుంటే ఈ తలుపు గొడవే ఉండేది కాదు” అని అందరికీ వినపడేలా అన్నాడు. అతనికి ప్లేటు అందించింది నేనే. ఈ పత్రిక అతనింటికీ వెళ్తుంది.

పిన్నిగారు ప్లెయిన్స్‌బరో వెళ్ళిపోయారు. మొన్న ఫోన్ చేస్తే, “బేస్‌మెంట్ హాయిగా ఉందయ్యా. కిటికీలే లేవు” అన్నారు.

ఇవాళ కొనాలనుకునేవాళ్ళు వచ్చి చూడటానికి ఆ ఇంటికి ఓపెన్ హౌస్ పెట్టారు. ఇల్లు అమ్మిపెట్టే ఆవిడ పొద్దున్నే వచ్చి కొత్త తలుపు బార్లా తీసి, అది మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టింది. బ్లైండ్లన్నీ ఎత్తేసింది. పట్టపగలు లైట్లన్నీ వేసింది. బల్ల మీద పళ్ళెంలో కుకీలు. ఎవరు పడితే వాళ్ళు వస్తున్నారు, బూట్లతో మేడ మీదికి వెళ్తున్నారు, బీరువాలు తీసి చూస్తున్నారు. ఎవరూ ఎవరినీ పేరు అడగడం లేదు.

మధ్యాహ్నం ఒక కుర్ర జంట నాలుగేళ్ళ పాపతో వచ్చింది. నన్ను డ్రైవ్‌వేలో చూసి ఆ అమ్మాయి ఆగింది.

“అంకుల్, మీరు తెలుగా?”

“అవునమ్మా.”

“థాంక్ గాడ్. ఏరియా సేఫేనా అంకుల్? మా అత్తయ్యావాళ్ళు వస్తే డే టైమ్ ఒంటరిగా ఉంటారు.”

“సేఫే” అన్నాను. అది అబద్ధం కాదు. ఆ ఇంటికి దొంగ రెండోసారి రానే లేదు.

వాళ్ళు లోపలికి వెళ్ళారు. మా వంటింట్లోంచి చూస్తే ఆ ఇల్లు ఈ చివర నుంచి ఆ చివరకి కనిపిస్తోంది, ముందు గది, మధ్య గది, వెనక పెరట్లో ఎర్రబడిన మేపుల్ చెట్టు. మధ్యలో ఏమీ లేదు. పాప ఒక్కతే ఒక కిటికీలోంచి ఇంకో కిటికీలోకి పరుగెడుతోంది, చేతిలో కుకీతో. తల మాత్రం కనపడుతోంది, కనపడటం లేదు, మళ్ళీ కనపడుతోంది.

సాయంత్రం అందరూ వెళ్ళారు. గాలి తగ్గలేదు. రేపు చెత్తబండి వచ్చే రోజు. డబ్బా రోడ్డు పక్కన పెట్టి వచ్చాను.