మా ఆయన వదిలేసిన ట్రౌట్

మేము ఆస్ట్రేలియాలో, సిడ్నీ దగ్గర పారమట్టాలో ఉంటాం. మా ఆయనది భీమవరం. "చేపలు పట్టడం నాకొకరు నేర్పాలా?" అంటూ ఖరీదైన ఫ్లై రాడ్ అనే గాలం కర్ర కొని, పోయిన వేసవిలో మమ్మల్ని కొండల్లో ఒక నదికి తీసుకెళ్లారు. ఆయన మాట నమ్మి నేను అక్కడ అద్దెకి తీసుకున్న క్యాబిన్‌లో చింతపండు నానబెట్టి, మసాలా నూరి పెట్టుకున్నాను.

సాయంత్రమంతా ఆ గాలం చెట్టుకి తగులుకుంది, ఆయన టోపీకి తగులుకుంది, ఒకసారి నా జడకీ తగులుకుంది. చీకటి పడబోతుండగా నిజంగానే ఒక ట్రౌట్ చేప పడింది!

గాలం తీసి, చేపను రెండు చేతులతో పట్టుకుని "ఫోటో తియ్యవే, ఫ్యామిలీ గ్రూపులో పెట్టాలి" అన్నారు. తీశాను. "నా పొట్టే కనిపిస్తోంది, సైడ్ నుంచి తియ్యి." తీశాను.

"డాడ్, జస్ట్ పుట్ ఇట్ ఇన్ ద బకెట్!" అని అరిచింది మా అమ్మాయి.

"ఉండమ్మా, లాస్ట్ వన్" అంటూ ఆయన చేపను మొహం దాకా ఎత్తి నవ్వారు. అది తోకతో ఆయన చెంప ఛెళ్లుమనిపించి నదిలోకి దూకేసింది.

భోజనాల వేళకి గ్రూపులో ఫోటో, దాని కింద ఆయన రాత: "పట్టి వదిలేశాను. మూగజీవి కదా, మనసొప్పలేదు." బంధువులంతా దండాలు పెట్టారు. "బావగారిది వెన్నలాంటి మనసు" అని మా చెల్లెలు మెసేజ్ పెట్టింది.

ఆ మనసు రుచి ఎలా ఉంటుందో ముక్క లేని పులుసు తిన్న మాకే తెలుసు.